ఎముకతో వినుట: ఒక యంత్రమా, రెండు యంత్రములా?



నేటి నా ప్రసంగవిషయము వినికిడి. వినగలవారికే వినికిడిని గుఱించి చెప్పుట కొంత చిత్రముగ తోచవచ్చును. కాని రేడియోయొద్ద కూర్చున్న ప్రతి కుటుంబమునందును సరిగా వినబడని తాతగారో, చెవి కారుచున్న పిల్లవాడో యుండుట అరుదు కాదు. వారి తరఫున మీరు విని, తీరికగ వారికి చెప్పగలరను నమ్మకముతో మాటలాడుచున్నాను.

ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములనుండియు, కొల్లేటి లంకగ్రామములనుండియు వచ్చు చెవి రోగులను చూచుట నా వృత్తి. చెవి రంధ్రములో పెట్టు మిషను పనికిరానివారికి, చెవి వెనుక ఎముకకు ఆనించు మిషనునుగూర్చి చెప్పుచుందును. చెప్పిన వెంటనే దాదాపు అందఱును ఒక్క ప్రశ్నయే వేయుదురు: "అయ్యా, ఒకటి చాలునా? రెండు చెవులకును రెండు కొనవలెనా?" ఈ ప్రశ్న చిన్నది గాదు. రెండవ మిషను అనవసరమైనచో ఒక రైతు కుటుంబము ఏడాది కష్టమును వృథాగ పోగొట్టుకొన్నట్లగును. అవసరమైయుండియు కొననిచో ఒక పిల్లవాడు బడిలో సగము పాఠమును పోగొట్టుకొనును. కావున ఈ ప్రశ్నకు సమాధానము ఊహమీద గాక తెలివిడిమీద చెప్పవలసియున్నది.

మొదట చెవి యెట్లు వినునో చూతము. చెవిడొప్పలో ప్రవేశించిన ధ్వని రంధ్రముగుండ పోయి కర్ణభేరిని కదలించును. భేరి వెనుక కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న యెముకలు గొలుసువలె కూర్చబడియున్నవి. ఆ కదలికను అవి లోపలి చెవికి అందించును. అచ్చట బఠాణీగింజంత ప్రమాణమున నత్తగుల్లవలె రెండున్నర చుట్లు చుట్టుకొనియున్న కర్ణావర్తము కలదు. దానిలోని ద్రవము కదలగా సూక్ష్మమైన కణములు మేల్కొని, శ్రవణనాడి ద్వారా మెదడునకు వార్త పంపును. ఇది గాలిత్రోవ.

రెండవ త్రోవ యొకటి కలదు. కర్ణావర్తము పుఱ్ఱెయెముకలోనే పొదగబడియున్నది గదా! పుఱ్ఱెను ఎచ్చట కదలించినను ఆ కదలిక కర్ణావర్తమును తాకును. భేరితోను, చిన్న యెముకల గొలుసుతోను దానికంతగా పని లేదు. ఇది ఎముకత్రోవ. మన కొల్లేటినే చూడుడు. బుడమేఱు విజయవాడ వైపునుండి వచ్చును. తమ్మిలేఱు ఏలూరి ప్రక్కగా వచ్చును. త్రోవలు వేఱు, చేరు సరస్సు ఒక్కటే. సరస్సునుండి సముద్రమునకు పోవు దారి ఉప్పుటేఱు. అట్లే గాలిత్రోవయు, ఎముకత్రోవయు కర్ణావర్తమను ఒక్క సరస్సుననే కలియును. అచ్చటినుండి శ్రవణనాడియే మెదడునకు దారి. ఒక ఏటికి అడ్డుపడినను రెండవ యేటి నీరు సరస్సును నింపగలదు. కాని సరస్సే పూడిపోయినచో ఏ యేఱు వచ్చియు ప్రయోజనము లేదు. ఈ యుపమానమును జ్ఞాపకముంచుకొనిన నేను ముందు చెప్పబోవునది సులభముగ బోధపడును.

ఎముకత్రోవ యున్నదనుటకు నిదర్శనము మీయింటనే దొరకును. రెండు చెవులను వ్రేళ్లతో గట్టిగా మూసికొని ఒక జంతికను నమలుడు. బయటి సందడి తగ్గిపోవును. జంతిక ధ్వని మాత్రము తలంతయు నిండును. తరువాత పెదవులు మూసికొని "మ్" అని సన్నగా కూనిరాగము తీయుచు, ఒక్క చెవిని మాత్రమే మూయుడు. ధ్వని మూసిన చెవివైపునకు జరిగిపోయినట్లు తోచును. మూసిన చెవి ఎముకత్రోవను వచ్చిన ధ్వనిని బయటికి పోనీయక నిలుపుకొనుటయే దీనికి కారణము. ఫోనులో పట్టిన మీ కంఠమును మీరే వినినపుడు "ఇది నా గొంతు కాదే!" అని యాశ్చర్యపడుటకును కారణమిదియే. మన మాటను మనము గాలిత్రోవనేగాక ఎముకత్రోవను గూడ వినుచుందుము. యంత్రము పట్టినది గాలిలోని భాగము మాత్రమే.

వైద్యులు ఈ ధర్మమును పరీక్షకు వినియోగించుకొనిరి. జర్మనీ దేశస్థుడగు ఎర్నస్ట్ హైన్రిక్ వేబరు 1834లో, మ్రోగుచున్న శ్రుతిదండమును నుదుటిమీద ఆనించి, ధ్వని ఏ చెవివైపునకు పోవునో గమనించు పద్ధతిని వర్ణించెను. 1855లో రిన్నె యను వైద్యుడు అదే దండమును చెవి వెనుక ఎముకపైనను, చెవి యెదుట గాలిలోను ఉంచి, ఏది యెక్కువసేపు వినబడునో పోల్చు పద్ధతిని తెలిపెను. నేటికిని ఈ రెండు పరీక్షలతోనే మా పని ప్రారంభమగును. గాలిలోకంటె ఎముకపై బాగుగ వినబడినచో, లోపము త్రోవలో నున్నది, సరస్సు బాగుగనే యున్నదని తెలియును.

"చెవిటివాని ముందు శంఖమూదినచో, దానిని కొఱుకుట నీ తాతవల్ల గూడ కాదన్నాడట" అను సామెత మీకందఱకును తెలిసినదే. నవ్వుకొనుటకు చెప్పుకొను మాటయేగాని, ఆ చెవిటివాడు మ్రోగుచున్న వస్తువును నిజముగ పంట కఱచిపట్టియుండినచో వినగలిగియుండెడివాడేమో! ఇటలీ దేశస్థుడైన జెరోలమో కార్డానో 16వ శతాబ్దిలోనే, కఱ్ఱనో యినుపకడ్డీనో పండ్లతో పట్టుకొని దాని రెండవ కొనకు తగిలిన ధ్వనిని వినవచ్చునని వ్రాసియుండెను. 1879లో అమెరికాలో రిచర్డు రోడ్సు విసనకఱ్ఱవంటి పలుచని రేకును పండ్లకానించి వినుసాధనమును వెలువరించెను. గాలిత్రోవను వచ్చిన ధ్వనియు, ఎముకత్రోవను వచ్చిన ధ్వనియు కర్ణావర్తములో ఒక్క తీరుననే పనిచేయునని 1932లో బెకెసీ నిరూపించెను. ఒక దానిని మఱియొక దానికెదురుగ సరిపుచ్చి, రెండును పరస్పరము రద్దగునట్లు చేసి చూపినాడు. చెవిని గుఱించిన పరిశోధనలకు ఆయనకు 1961లో నోబెలు బహుమానము లభించెను.

తరువాతి పెద్ద మెట్టు స్వీడను దేశమున నెక్కబడినది. బ్రొనెమార్కు అను శాస్త్రజ్ఞుడు, టైటేనియము లోహము ఎముకతో నేకమై యతుకుకొనునని కనిపెట్టి, 1965లో కట్టుడు పండ్లకు ఉపయోగించెను. గోటెబర్గు పట్టణములో 1977లో టెల్‌స్ట్రోము అను చెవి వైద్యుడు అట్టి లోహపు మేకును చెవి వెనుక ఎముకలో నాటి, దానికి వినికిడి యంత్రమును తగిలించెను. మేకు పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు.

నేడీ యంత్రములు పలు రకములుగ నున్నవి. అన్నిటిలోను ధ్వనిని పట్టు మైకును, దానిని పెంచు భాగమును, కదలికగ మార్చు కంపకమును, బ్యాటరీయు నుండును. తలకు చుట్టు మెత్తని పట్టీకి తగిలించునది యొకటి; చెవి వెనుక చర్మమునకు అంటించునది యొకటి; చర్మమును దాటి పైకి వచ్చిన మేకునకు తగిలించునది యొకటి; చర్మము క్రింద అయస్కాంతమునుంచి పైనుండి అతుకుకొనునట్లు చేయునది మఱియొకటి; కంపకమునే ఎముకలో నమర్చునది వేఱొకటి. పట్టీకి శస్త్రచికిత్స యక్కఱలేదు. కాని చర్మము మెత్తనిదగుటచే హెచ్చు స్వరములు దానిలో కొంత నశించును. మేకు నేరుగ ఎముకకు కదలిక నందించును గాని, దానిచుట్టునున్న చర్మమును ప్రతిదినమును శుభ్రపఱచుకొనవలెను. అంగళ్లలో పాటలు వినుటకై అమ్మబడు ఎముక హెడ్‌ఫోనులు వేఱు. అవి ఫోనులోని ధ్వనిని వినుటకు చేయబడినవి, చెవిటితనమునకు సాధనములు గావు.

ఈ యంత్రము ఎవరికి? గాలిత్రోవ చెడి, సరస్సు నిలిచియున్నవారికి. మన ప్రాంతములో అట్టివారిలో ముఖ్యులు చీముచెవి రోగులు. చిన్ననాడు జలుబు చేసి భేరికి రంధ్రము పడును. చెఱువులోను, కాలువలోను మునిగినప్పుడెల్ల నీరు లోపలికి పోయి మరల చీము పట్టును. ఒకనాడు వినబడును, ఒకనాడు వినబడదు. కొల్లేటి కాపురము వంటిదే చీముచెవి వినికిడి. ఇట్టివారిలో పెక్కుమందికి భేరిని బాగుచేయు శస్త్రచికిత్సయే మొదటి మార్గము. అది కుదరనివారికి, చేసినను నిలువనివారికి ఎముక యంత్రము తగినది. సాధారణపు మిషను చెవి రంధ్రమును మూసివేయుటవలన తడి ఆఱక చీము హెచ్చును. ఎముక యంత్రము రంధ్రమును తెఱచియే యుంచును. చెవిరంధ్రము లేకుండ పుట్టిన శిశువులు రెండవ తరగతివారు. ఒక చెవి పూర్తిగ నశించి రెండవ చెవి బాగుగనున్నవారు మూడవ తరగతివారు. వీరి సంగతి వేఱుగ చెప్పెదను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఒకటా, రెండా?

సాధారణపు మిషను విషయములో సమాధానము సులభము. గాలిత్రోవను కుడిచెవికి పంపిన ధ్వని ఎడమ కర్ణావర్తమునకు చేరునప్పటికి 40 డెసిబెళ్లకు తక్కువ గాకుండ క్షీణించును. కావున రెండు చెవులును మందగించినచో రెండు మిషనులు కావలెననుట స్పష్టము. ఎముక యంత్రమట్లు కాదు. పుఱ్ఱె యొక్కటియే గదా! కుడివైపు కదలించినను ఎడమ కర్ణావర్తముగూడ కదలును. దాటుటలో కలుగు నష్టము స్వల్పము: తగ్గు స్వరములలో దాదాపు ఏమియు నుండదు; హెచ్చు స్వరములలో 10 డెసిబెళ్ల వఱకును, కొందఱిలో మఱికొంత యెక్కువయు నుండును. అనగా ఒక్క యంత్రము రెండు కర్ణావర్తములకును ధ్వని నందించును. ఈ కారణముచేతనే చాలకాలము వఱకు వైద్యులు "ఒకటి చాలును, రెండవది దండుగ" అని చెప్పుచు వచ్చిరి. అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖవారు మేకు యంత్రమును 1996లో అంగీకరించినను, రెండువైపుల నమర్చుటకు 2001లో గాని యంగీకారము నీయలేదు.

మఱి వారి యభిప్రాయము మాఱుటకు కారణమేమి? రెండు కర్ణావర్తములకు ధ్వని చేరుట యొకటి. రెండు చోట్లనుండి ధ్వనిని పట్టుట వేఱొకటి. ఒక్క యంత్రమునకు మైకు ఒక్కటియే. అది తలకు ఒకవైపుననే యుండును. రెండవవైపున తల అడ్డుగోడవలె నిలుచును. తగ్గు స్వరములు తల చుట్టును వంగి వచ్చును గాని, హెచ్చు స్వరములు వంగలేవు. అవి 15, 20 డెసిబెళ్ల వఱకు తగ్గిపోవును. భాషలో అచ్చులు తగ్గు స్వరములతో బలముగ నుండును. స, శ, చ, త వంటి హల్లులకు ప్రాణము హెచ్చు స్వరములయందున్నది. కుడివైపున మాత్రమే యంత్రమున్న మనిషికి ఎడమవైపునుండి "చేప" యనినను, "చేట" యనినను, "చేత" యనినను ఒక్కటిగనే వినబడవచ్చును. "వినబడుచున్నది గాని తెలియుటలేదు" అని అట్టివారు చెప్పు మాటకు అర్థమిదియే.

ప్రకృతి మనకు రెండు చెవుల నిచ్చుటవలన మూడు లాభములున్నవి. మొదటిది, రెండు చెవులు కలసి వినినపుడు ధ్వని కొంచెము పెద్దదిగ వినబడును. రెండు ఎముక యంత్రములతో ఈ లాభము రెండు మొదలు ఐదు డెసిబెళ్లు. తక్కువయేగాని సన్నని మాటకు అదియు విలువైనదే. రెండవది, ఇప్పుడు చెప్పిన తల యడ్డు తొలగుట. మాటలాడువాడు ఏ వైపున నున్నను ఏదో యొక మైకు అతనికి దగ్గఱగ నుండును. మూడవది దిక్కు తెలియుట. కుడివైపు ధ్వని కుడిచెవికి ముందుగ చేరి, ఎడమచెవికి సెకండులో వెయ్యవవంతుకంటె తక్కువ కాలము ఆలస్యముగ చేరును. కొంత తగ్గి చేరును. ఈ రెండు భేదములను మెదడు కొలిచి, ధ్వని ఎటునుండి వచ్చినదో చెప్పును. ఒక్క మైకు ఉన్నచోట కొలుచుటకు భేదమే లేదు.

కొల్లేటిలో కిక్కిస మధ్య దోనె నడుపుకొనుచున్న మనుష్యుని తలచుకొనుడు. ఎదుట కిక్కిస తెర కట్టియున్నది, కంటికేమియు కనబడదు. తోడివాడు కేకవేసెను. కేక వినబడెను, కాని ఎటు పోవలెను? ఒక్క యంత్రముతో వినువానికి దిక్కు తెలియుట దాదాపు బొమ్మా బొరుసా వేసినట్లే. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు దింపుచున్న కూలిని తలచుకొనుడు. వెనుకకు వచ్చుచున్న లారీ కొమ్ము వినుట చాలదు. ఏ ప్రక్కకు తప్పుకొనవలెనో తెలియవలెను. ఇచ్చట దిక్కు తెలియుట ప్రాణముతో కూడిన పని. రెండు యంత్రములున్నవారు ఒక్కటి యున్నవారికంటె దిక్కును బాగుగ గుర్తించుచున్నారని పరీక్షలు తెలుపుచున్నవి.

అయితే ఇంత చెప్పి సత్యములో రెండవ సగమును దాచుట న్యాయము కాదు. రెండు యంత్రములును పుఱ్ఱెను కదలించునవే. కుడి యంత్రపు ధ్వని ఎడమకును, ఎడమ దాని ధ్వని కుడికిని దాటుచునే యుండును. అందుచేత భేదములు కొంత కలగాపులగమగును. సహజమైన రెండు చెవుల నేర్పు పూర్తిగ రాదు. గోల విషయములోను ఒక మెలిక కలదు. గోల యంత్రమున్న వైపునుండి వచ్చునపుడు రెండవవైపు యంత్రము మేలు చేయును. గోల యంత్రము లేని వైపునుండి వచ్చునపుడు తల దానిని అడ్డుకొనుచునే యున్నది గనుక, రెండవ యంత్రమువలన లాభము స్వల్పము; ఒక్కొక్కప్పుడు అది గోలనే పట్టి తెచ్చును. చేపలచెఱువుపై గాలి చిలుకు మిషనుల నడుమ పనిచేయువాడు, గోల యెటున్నదో చూచుకొని ఒకవైపు యంత్రమును ఆపుకొనుట నేర్చుకొనవలెను.

రెండవ యంత్రము ఎవరికి తగును? రెండు చెవులకును గాలిత్రోవ చెడి, రెండు కర్ణావర్తములును దాదాపు సమానముగ నున్నవారికి. ఎముకత్రోవ పరీక్షలో రెండు చెవుల సగటు భేదము 10 డెసిబెళ్లకు లోబడి యుండవలెనని వైద్యులు గీత గీసియున్నారు. భేదము ఎక్కువయైనచో మెదడు రెంటిని సరితూచజాలదు. అట్టివారికి ఒక్కటియే మేలు; దానిని బాగుగనున్న కర్ణావర్తపు వైపున నుంచుట సామాన్యము. కాని వృత్తినిగూడ చూడవలెను. మనదేశమున బండి తోలువాడు కుడిప్రక్కన కూర్చుండును. అతని కుడిచెవియొద్ద కిటికీ, రోడ్డు రొద. ప్రక్కనున్నవాని మాట ఎడమనుండి వచ్చును. రెండు కర్ణావర్తములును సమానమైనచో అట్టివానికి ఎడమవైపే తగినది.

ఇక ఒక చెవి పూర్తిగ నశించినవారి సంగతి. ఆ చెవిలో త్రోవ గాక సరస్సే పూడిపోయినది. అచ్చట యంత్రమునుంచుట ఆ చెవిని బ్రతికించుటకు గాదు. ఆ వైపు మాటలను పట్టి, ఎముక ద్వారా బాగుగనున్న రెండవ కర్ణావర్తమునకు చేరవేయుటకు. ఇట్టివారికి ఉపయోగించుటకు అమెరికాలో 2002లో అంగీకారము లభించెను. దీనివలన చెడిన చెవివైపు కూర్చున్నవారి మాట అందును. పెండ్లిపంక్తిలో ప్రక్కవాని పలకరింపునకు మాటిమాటికి తల త్రిప్పనక్కఱలేదు. కాని దిక్కు తెలియదు. పనిచేయు కర్ణావర్తము ఒక్కటియే గదా, మెదడు దేనిని దేనితో పోల్చును? ఇట్టివారికి రెండవ యంత్రము శుద్ధ దండుగ. ఎవరైన రెండు కొనుమని చెప్పినచో "ఎందులకు?" అని యడుగుడు.

శిశువుల విషయము తొందరపాటును కోరును. రెండు చెవులకును రంధ్రములు లేకుండ పుట్టిన శిశువునకు సాధారణముగ కర్ణావర్తములు బాగుగనే యుండును. ధ్వని మాత్రము అందదు. మాట నేర్చుటకు మొదటి మూడేండ్లు అమూల్యములు. "పెద్దవాడైన పిమ్మట ఆపరేషను చేయింతము" అని కూర్చుండిన ఆ కాలము మరల రాదు. పుఱ్ఱెయెముక పలుచనగుటచే మేకు నాటుటకు అయిదేండ్లు నిండవలెనని అమెరికా నియమము. అంతవఱకు మెత్తని పట్టీతో యంత్రమును కొలది నెలల వయస్సునుండియే కట్టవచ్చును. నా యభిప్రాయమేమనగా, రెంటికి డబ్బు కూడువఱకు ఆగక, ఒక్కదానితో నేడే ప్రారంభింపవలెను. బిడ్డ నడచి, ఆడుకొని, బడికిపోవు వేళకు రెండవదాని సంగతి చూడవలెను. బడిలో ఉపాధ్యాయుడు ఒకచోట నిలువడు. తోడిపిల్లలు నలువైపులను మాటలాడుదురు. అచ్చట రెండవ మైకు నిజముగ చదువు చెప్పును. రెండవది కొనలేనివారు పిల్లవానిని ముందువరుసలో, యంత్రమున్న వైపు ఉపాధ్యాయునకు దగ్గఱగ నుండునట్లు కూర్చుండబెట్టుమని కోరవలెను. దీనికి పైకము అక్కఱలేదు.

డబ్బు పెట్టుటకు ముందు పరీక్షించి చూచుట ఉత్తమము. శస్త్రచికిత్సతో అమర్చు రకములకు ఒక్కొక్క వైపునకు లక్షల రూపాయలగును. కాని పట్టీమీద యంత్రమును కట్టి చూచుటకు కత్తితో పని లేదు. మొదట ఒక్కటి, తరువాత రెండు కట్టించుకొని, నిశ్శబ్దమైన గదిలో ఒకమారు, ఫ్యాను రొదలో ఒకమారు, మాట ముందునుండియు, కుడియెడమలనుండియు వచ్చునట్లు పరీక్షింపుమని యడుగుడు. వీలైనచో కొన్నిదినములు ఇంటికి తెచ్చుకొని, ఏలూరు బస్సుస్టాండులోను, సంతలోను, ఇంటి వసారాలోను వాడి చూడుడు. ఇంటివారొకరు కాగితముమీద ఎప్పుడు తెలిసినదో, ఎప్పుడు తెలియలేదో వ్రాయుచుండవలెను. వారము గడచునప్పటికి ఆ కాగితమే మీకు ఉత్తమమైన సలహా చెప్పును. పట్టీమీదకంటె మేకుమీద ధ్వని మఱికొంత స్పష్టముగ నుండునని మాత్రము లెక్కలో నుంచుకొనుడు.

ప్రభుత్వ సహాయమును గుఱించి రెండు మాటలు. పిల్లలకు 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, బడులలోను పరీక్షలు జరుగును. వినికిడి లోపములు అందులో చేరియున్నవి. సికిందరాబాదులో అలీ యావర్ జంగు జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రము వినికిడి పరీక్షలకు పేరొందినది. ధ్రువపత్రము విషయములో ఒక చిక్కు కలదు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, రెండు చెవులలోను 60 డెసిబెళ్లు మొదలు 70 వఱకు లోపమున్నవారు వినికిడి మందగించినవారు. 70 ఉన్నవారు బధిరులు. గాలిత్రోవ మాత్రమే చెడినచో లోపము సామాన్యముగ 60 డెసిబెళ్లకు మించదు. కావున నేను చెప్పుచున్నవారిలో ననేకులు ఆ గీతకు ఇవతలనే నిలిచిపోవుదురు. ఒక చెవి మాత్రమే పోయినవాడు అసలే లెక్కకు రాడు. చట్టపు గీతకు ఇవతల నున్నంతమాత్రమున కష్టము లేదని గాదు. బడిలో వెనుకబడిన పిల్లవానికి, మార్కెట్టులో లారీ క్రింద పడబోయిన కూలికి ఆ సంగతి బాగుగ తెలియును. ఈ విషయమును పెద్దలు ఆలోచింపవలసియున్నది.

మన ప్రాంతపు తేమను గుఱించియు చెప్పవలెను. కొల్లేటి గాలి చల్లనిది గాని మిషనుకు శత్రువు. రాత్రివేళ యంత్రమును తేమ పీల్చు గుళికలున్న బిగువైన డబ్బాలో నుంచుడు. బ్యాటరీని తీసి యుంచుడు. స్నానమునకును, చెఱువులో దిగుటకును ముందు యంత్రమును తీసివేయుడు. మేకు ఉన్నవారు చుట్టునున్న చర్మము ఎఱ్ఱబడినను, తడిగ నున్నను వెంటనే చూపించుకొనవలెను. చీముచెవిలో వెల్లుల్లి కాచిన నూనెయు, ఆకుపసరును పోయుట, కోడియీకతో కెలుకుట మానుడు. ఆ నూనె చెవిని బాగుచేయదు. మిగిలియున్న వినికిడిని గూడ ప్రమాదములో పెట్టవచ్చును. దూదికి వాసెలైను రాచి చెవిలో పెట్టుకొని స్నానము చేయుట అతి చౌకయైన చికిత్స.

సంగ్రహముగ చెప్పెదను. నిశ్శబ్దమైన ఇంటిలో ఒకరిద్దరితో మాటలాడుకొను వృద్ధునకు ఒక్క యంత్రము చాలవఱకు పని గడుపును. రెండు చెవులును చెడి, కర్ణావర్తములు సమానముగ నుండి, బడిలోనో, రోడ్డుమీదనో, నీటిమీదనో కాలము గడుపువానికి రెండవది విలాసము గాదు. ఒక చెవి పూర్తిగ నశించినవానికి ఒక్కటియే, రెండవది వ్యర్థము. రెండు చెవులు సమానము గానివానికి పరీక్ష చెప్పినట్లు. రెండవది కొనుటకు నేడు శక్తి లేనివారు సిగ్గుపడి మొదటిదానినిగూడ మానుకొనవలదు. ఏమియు వినబడకుండుటకును, ఒక్క యంత్రముతో వినుటకును నడుమనున్న దూరము, ఒకటికిని రెంటికిని నడుమనున్న దూరముకంటె ఎంతయో పెద్దది.

మీ యింటిలో పిలిచినను పలుకని పెద్దలున్నచో విసుగుకొనక ఒకమారు చెవి పరీక్షకు తీసికొనిపొండు. పలుకని పసిబిడ్డ యున్నచో రేపే తీసికొనిపొండు. సెలవు.